మత్రాలో ఒక శుక్రవారం

మొన్న బేగంబజారులో ఏదో కొనబోతుంటే, ఒక దుకాణం ముందు గోనెసంచిలో నల్లగా ఎండిపోయిన నిమ్మకాయలు కనిపించాయి. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపితే పులుపూ పొగా కలిసిన ఘాటు గుప్పున ముక్కుకు తగిలింది. ఒమన్‌లో వాటిని లూమీ అంటారు, మాంసం కూరల్లో వేస్తారు. ఆ వాసనకు వెంటనే అక్కడి సముద్రపు ఒడ్డున ఉన్న మత్రా బజారు, అందులో ముందు నడుస్తున్న మా శ్రీనుమామ వీపు, నా చేయి వదలని అమ్మ, వరసగా గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నాకప్పుడు పదేళ్లు. బాపు ఒమన్‌లోని రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోరులో పనిచేసేవాడు. మాది జగిత్యాల దిక్కు. రుసైల్‌లో మేముండే గదుల వరసలో ఎండాకాలం కిటికీ ఊచలు ముట్టుకుంటే చేయి కాలేది. చలికాలం వచ్చిందంటే మాత్రం అమ్మ సాయంత్రం పూట గుమ్మం ముందు సర్వపిండి కాల్చేది, పక్క గదుల పిల్లలం లారీలు తిరిగే దుమ్ములోనే అచ్చంగిల్లాలు ఆడుకునేవాళ్లం. నెలకొకసారి ఇబ్రి అనే ఊళ్లో కట్టడం పని నుంచి అమ్మ తమ్ముడు శ్రీనుమామ, సిమెంటు పగుళ్లు పడ్డ చేతులతో ఖర్జూరాల సంచి పట్టుకుని వచ్చేవాడు. ఆ రోజు అమ్మ గొంతు మారిపోయేది, ఊళ్లో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడేది.

ఆ ఏడు మామ రావడం ఆగిపోయింది. సైటులో సూపర్‌వైజరుతో గొడవపడి కంపెనీ వదిలి వెళ్లిపోయాడని తెలిసింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. అట్లా కాగితాలు లేకుండా బయట పనిచేసుకునేవాళ్లను అక్కడ ఖల్లివల్లి అనేవారు. మామ ఫోను పలకలేదు.

అదే సమయంలో ఊరి నుంచి కబురు వచ్చింది, అమ్మమ్మ పోయిందని. మాకు తెలిసేసరికే అక్కడ అన్నీ అయిపోయాయి. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అమ్మమ్మ కొడుకైన మామకు ఇంకా తెలియదన్నదే ఆమెను ఎక్కువ కోసింది. మామ మత్రా చేపల మార్కెట్లో ఉన్నాడని బాపు ఎవరి ద్వారానో కనుక్కొచ్చాడు. శుక్రవారం సెలవే అయినా బాపుకు డ్యూటీ పడింది. హిందీ నాకు వచ్చు కాబట్టి అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. టాక్సీలో నా చెవిలో, "మామకు నువ్వేం చెప్పకు బిడ్డా. నేనే చెప్త," అంది.

చేపల మార్కెట్ నేలంతా నీళ్లు, మంచు ముక్కలు, పొలుసులు. మనిషంత పొడుగున్న వంజరాలు బల్లల మీద మెరుస్తున్నాయి, గుమ్మం దాకా పక్షులు వచ్చి అరుస్తున్నాయి. ఒక మూల బల్ల దగ్గర రబ్బరు బూట్లు వేసుకుని చేపలు కోస్తున్న మామ తలెత్తి చూశాడు.

"అక్కా! నువ్వెట్లొచ్చినవ్ ఈడికి?"

"నిన్ను చూడబుద్ధయింది తమ్మీ."

చేతులు నీచు వాసనని మమ్మల్ని ముట్టుకోలేదు. నిమ్మచెక్కతో రుద్ది రుద్ది కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చి, ఒక మలబారీ హోటల్‌కి తీసుకుపోయాడు. విస్తరిలో చేయి పెడుతూ, "అవ్వ మంచిగున్నదా అక్కా? ఫోను పోయి మాట్లాడక నెలయితుంది," అన్నాడు.

అమ్మ తన విస్తరిలోని చేప ముక్క తీసి అతని అన్నంలో వేసింది. "ముందుగాల తిను," అంది.

తిన్నాక చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. మామ మాకు మత్రా అంతా చూపిస్తానని పట్టుబట్టాడు. తెల్లటి పాత ఇళ్ల వెనక సందులు, మెట్లు, మేకలు కాళ్లు ముడుచుకుని పడుకున్న నీడలు, సాయంత్రం తెరుచుకున్న బజారులో చెక్క కప్పు కింద లుబాన్ సాంబ్రాణి పొగ, రాగి గంగాళంలో వేడి హల్వా, లూమీల సంచులు. తనే ఆ ఊరు కట్టించినట్టు మామ అన్నీ వివరించాడు. హల్వా నా నోట్లో పెట్టి, "ఏం కోడలా, గింత మంచి బజారు చూపిస్తుంటే నవ్వుతలేవేంది?" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను.

ఒక బట్టల దుకాణంలో మామ ముదురాకుపచ్చ శాలువా తీసి చెంపకు ఆనించి చూసుకున్నాడు. "మెత్తగున్నది. అవ్వకు చలి ఆగది గద. ఎవలన్న ఊరికి పోతే పంపు అక్కా," అని కొని అమ్మ చేతిలో పెట్టాడు.

అమ్మ శాలువా పట్టుకుని బయటికి నడిచింది. సముద్రం ఒడ్డున పిట్టగోడ దగ్గరికి వచ్చాక అతని చేయి పట్టుకుంది.

"తమ్మీ, అవ్వ లేదురా. మంగళవారం పొద్దుగాల పోయింది."

మామ పడవల వైపు తిరిగాడు. "కొరివి ఎవరు పెట్టిండ్రు?" అన్నాడు.

"చిన్నాయిన కొడుకు."

"పొద్దటిసంది నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ముద్ద దిగకపోవు నీకు."

మామ చెప్పులు విడిచి రాళ్ల మీదుగా దిగి, చొక్కా ప్యాంటుతోనే మైల స్నానానికి నీళ్లలో మునిగాడు. పడిపోయాడనుకున్నాడేమో, పడవలోంచి ఒక ముసలి ఒమనీ ఆయన కేకవేసి చేయి చాచాడు. మామ పైకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, అప్పుడు ఏడ్చాడు, వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా. అమ్మ ఆ కొత్త శాలువా మడత విప్పి అతని తల తుడిచింది.

మా వెంట రమ్మంటే, దారిలో చెకింగులుంటాయని రాలేదు. తర్వాత కాగితాలు లేనివాళ్లను శిక్ష లేకుండా ఇళ్లకు పోనిచ్చినప్పుడు వెళ్లాడు. మళ్లీ దేశం దాటలేదు. మేమూ కొన్నేళ్లకు వచ్చేశాం. అమ్మ ఇప్పుడు లేదు. రుసైల్‌లో మా గదుల వరస కూలగొట్టారట, పాత చేపల మార్కెట్ కూడా పోయింది.

బేగంబజారు నుంచి వచ్చిన వారానికి జగిత్యాల వెళ్లి, ఫోనులో ఇప్పటి మత్రా ఫొటోలు మామకు చూపించాను. అద్దాలు పెట్టుకుని తన బల్ల ఉన్న మూల కోసం చాలాసేపు వెతికాడు. "గిది గాదు బిడ్డా, గిది వేరే," అని ఫోను నా చేతికిచ్చాడు. ఇన్నేళ్లూ అడగలేనిది అప్పుడు అడిగాను, ఆ రోజు అమ్మ వెంటనే చెప్పనందుకు కోపం రాలేదా అని.

"అందరికి అవ్వ మంగళవారం పోయింది," అన్నాడు మామ. "నాకు శుక్రవారం సందెదాక ఉండె. మీ అమ్మ ఉంచింది."