తూముబండ మీది నాచు

నాచు పేరు చెబితే నేనిప్పటికీ మొహం తిప్పుకుంటాను. వాసన వల్ల అనుకునేరు, కాదు. వాసనైతే మురిగిన చేపల బుట్టలా ఉండేది, ఒప్పుకుంటాను. చేతులు ఎంత తోముకున్నా అన్నం ముద్దలో తగిలేది. కానీ నాకు అసహ్యం దాన్ని పెంచిన మనుషుల మీద. అందులో మొదటిదాన్ని నేనే.

డెబ్బైల చివర నర్సీపట్నంలో ఒక కాలేజీలో బోటనీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. నీలి ఆకుపచ్చ నాచును వరి మడిలో వేస్తే గాలిలోని నత్రజనిని పట్టి పైరుకిస్తుందని, యూరియా ఖర్చు తగ్గుతుందని అప్పట్లో అందరూ చెప్పేవారు. అబద్ధం కాదు. పేరుకు నాచే గానీ అది బాక్టీరియా జాతి. ఆకుల్లాగే ఎండను పట్టుకుని తిండి చేసుకుంటుంది. మా డిపార్టుమెంటు హెడ్డుగారికి దీని మీద మోజు పుట్టింది. నాచు మీద కాదు లెండి, దాన్ని చూడ్డానికి రాబోయే పెద్ద ఆఫీసరు మీద.

కాలేజీ వెనక రేకు ట్రేలలో మట్టి, సూపర్ ఫాస్ఫేటు, నీళ్ళు పోసి విత్తనపు నాచు చల్లాను. వారానికి పచ్చటి తెట్టు కట్టింది. నీళ్ళలో దోమపిల్లలు, పైన ఈగలు. ఛీ! మే నెల ఎండ ముదిరేసరికి పైపొర గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరిగింది. హెడ్డుగారు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు.

"ఇదేంటమ్మా, మాడిన అట్టులా ఉంది? ఆఫీసరుగారికి ఇదా చూపించేది? పచ్చగా ఉండాలి. చిలకపచ్చ!"

సరేనన్నాను. టెంపరరీ ఉద్యోగం, నోట్లో నాలుక లేని వయసు. నల్లబడినదంతా గోకి మురిక్కాలవలో పోశాను. కొత్తగా వేసినదాని మీద తాటాకులు కప్పాను. పెళ్ళిచూపులకు ముందు నెల్లాళ్ళు మా అమ్మ నన్ను ఎండ పొడ తగలకుండా ఇంట్లో కూర్చోబెట్టింది చూడండి, అచ్చం అలాగే దాన్నీ సాకాను. నాచు నవనవలాడింది. హెడ్డుగారు మురిసిపోయారు.

ప్రయోగానికి మడి ఇచ్చింది నాతవరం వైపు రైతు, యాభై దాటిన మనిషి. ఉన్నదల్లా కొంచెం జీడితోట, కాలవ కింద ఈ ఒక్క మడి. ఏడాది తిండిగింజలు ఇందులోంచే రావాలి. "మీరు సదువుకున్నోళ్ళు. మానీమంటే మానీస్తాను" అని యూరియా మానేశారు.

నాట్లయిన వారానికి నాచు చల్లించాను. ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. తాండవ కాలవ నీరు మడిలో ఉంది గానీ పైన భగభగలాడే ఎండ. లేత పైరు, నీడనిచ్చేంత ఆకు లేదు. ఐదో రోజున వెళ్ళి చూస్తే నా చిలకపచ్చ నాచు తెల్లగా పాలిపోయి, గంజి మీద తొరకలా తేలుతోంది. వేలితో తీస్తే జిగటగా జారిపోయింది. ఒకటే కంపు. చచ్చిపోయిందని ఆ గట్టు మీదే నాకు తెలిసిపోయింది.

"ఏటమ్మా, అలా తెల్లబడిపోనాది?" అన్నారు రైతు. "యూరియా ఏసీమంటారా? ఇప్పుడేస్తే పైరు అందుకుంటాది. బేగి సెప్పండి."

హెడ్డుగారిని అడిగి చెబుతానన్నాను. ఆ మాట వినగానే హెడ్డుగారు ఒంటికాలి మీద లేచారు. "యూరియా వేస్తే ఇంక మన ఎక్స్‌పెరిమెంటు ఏముంటుంది? ఆఫీసరుగారు వచ్చి వెళ్ళేదాకా ఆగమను." మళ్ళీ బస్సెక్కి వెళ్ళి, "ఇంకో పది రోజులు చూద్దామండీ" అని రైతుకు చెప్పి వచ్చాను. చూడ్డానికేముంది, నా మొహం!

ఆ పది రోజులు కాస్తా పాతికయ్యాయి. అప్పుడు వచ్చింది జీపు. మా మడి పసుపు పూసినట్టుంది. పక్క మడి ఇంకొకరిది, యూరియా వేసినది, పచ్చగా ఊగుతోంది. హెడ్డుగారు సిగ్గూ ఎగ్గూ లేకుండా చెయ్యి చాపి ఆ పక్క మడినే మాదని చూపించారు. ఆఫీసరు కిందికైనా దిగలేదు. జీపులోంచే నన్ను చూసి, "నాచు పెంచింది మీరేనా? ఆ పచ్చటి మడిలో యూరియా వెయ్యలేదు కదా?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను.

రైతు నా పక్కనే తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. నావైపు ఒకసారి చూశారు. జీపు వెళ్ళాక హెడ్డుగారు అందరికీ కొబ్బరిబోండాలు కొట్టించారు. నేను తాగాను కూడా. తూ!

రైతు మడి సగం తాలే పండింది. చేటతో చెరిగితే నిలిచిన గింజలకంటే గాలికి పోయినవే ఎక్కువట.

మళ్ళీ వేసవిలో నేను ట్రేల మీద తాటాకులు సర్దుతుంటే ఆయన కాలేజీకి వచ్చారు. చేతిలో గోనెసంచి. విప్పి చూపిస్తే నల్లటి పెచ్చులు, అప్పడాల్లా ఎండి ఉన్నాయి.

"కాలవ నీరు మడిలోకి దిగే తూము లేదా అమ్మా, దాని బండ మీద ఉంటాది ఇది. ఎండకి నల్లబడతాది గానీ సావదు. సినుకు తగిల్తే మళ్ళీ పచ్చబడతాది. నా సిన్నప్పటి నుంచీ సూస్తన్నాను."

ల్యాబులోకి తీసుకెళ్ళి ఒక పెచ్చు నానబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టాను. పైన గోధుమరంగు తొడుగు. లోపల పచ్చటి కణాలు, దండ గుచ్చిన పూసల్లా, నిక్షేపంగా ఉన్నాయి. తిండి పెట్టే ఎండే మోతాదు మించితే చంపుతుంది. కంటికి కనబడని కిరణాలైతే మరీను. అందుకే ఎండ ముదిరేకొద్దీ ఈ జీవి తన ఒంటి చుట్టూ ఆ ముదురు రంగు పట్టించుకుంటుంది. నీడన పెంచినదానికి ఆ రంగు పట్టదు. ఆ రంగు పనేమిటో పరిశోధకులు తేల్చిన సంగతి చాలా ఏళ్ళ తర్వాత చదివాను గానీ, నాకు ఆ పూటే అర్థమైంది. నేను మురిక్కాలవలో పోసింది దాని గొడుగుని. పిల్లల రికార్డుల్లో ఆ తొడుగు బొమ్మ వేయించి, కింద సంతకాలు పెట్టినదాన్ని కూడా నేనే!

"ఈ సంగతి ముందే చెప్పలేకపోయారా?" అన్నాను. పైగా దబాయింపు నాకు.

"మీరు అడగలేదు కదమ్మా. సదువుకున్నోళ్ళకి తెలీదేటి అనుకున్నాను." సంచి మూతి ముడేస్తూ, "ఓ మాటడుగుతాను, ఏటీ అనుకోకండి. మడి తెల్లబడిన రోజునే యూరియా ఏసీయాలని మీకు తెలుసు కదా?" అన్నారు.

"తెలుసండీ."

ఆయన తల ఊపారు. సంచి నావైపు జరిపారు. "ఇది ఉంచుకోండి. పిల్లలకి సూపించండి. నా మడి మాత్రం ఇంక ఇవ్వనమ్మా."

ఆయన వెళ్ళాక బయటికొచ్చి ట్రేల మీది తాటాకులన్నీ లాగి పారేశాను. ఆ ఏడు నాచు బ్రహ్మాండంగా నల్లబడింది. చల్లుకోవడానికి ఎవరూ మడి ఇవ్వలేదు.