ఖాళీ తరాజు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. ఇంట్లో కారుందని కంప్యూటర్ తేల్చడంతో ఆమె రేషన్ బియ్యం ఆగిపోయాయట.

"కారేంది, సైకిల్ గూడ లేదు బిడ్డా. ఎట్ల లెక్కగట్టిండ్రని ఆఫీసుల అడిగితే, గా ప్రోగ్రాం కంపెనీదట. లోపలేముందో సార్లకు గూడ సూపెట్టరట."

లెక్కలు తనిఖీ చేయడం నా ఉద్యోగం; లెక్క ఎదురుగా ఉంటే తప్పు పట్టుకోగలనని నా ధీమా. "దాచిన లెక్కను నేనూ చూడలేనవ్వా" అన్నాను.

"మా దిక్కు వడ్లు జోకేటోడు ముందుగాల ఖాళీ తరాజు లేపి రెండు పళ్లాలు సమంగున్నయని సూపెడ్తడు. గది సూడనిదే ఎవ్వలు గింజ పొయ్యరు. మరి సర్కారోళ్లు గా ప్రోగ్రాం లోపల సూడకుండ ఎట్ల కొన్నరు?"

శామీర్‌పేటలో దిగేముందు ఆమె రేషన్ సంచిని నా ఎదుట తలకిందులు చేసి దులిపింది.

"నాదైతే సూపెడ్తున్న, సూడు."

ఒక్క గింజా రాలలేదు.