ఒకే బుట్టలో ఇద్దరి రేకులు

అసూయ మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందని అందరూ అంటారు. పెద్దలు అన్నారు, చదువుకున్నవారూ అన్నారు. కాబట్టి ఆ మాటను పరీక్షించి చూడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే సూర్యకళ విషయంలో అది ఎంతవరకు నిలుస్తుందో చూడవచ్చు. ఆమెలో అసూయ ఉన్నదా అన్న సందేహం అక్కర్లేదు. ఉంది, పుష్కలంగా ఉంది. అది ఆమె కళ్ళను మూసిందా, తెరిచిందా అన్నదే తేలవలసిన సంగతి.

సూర్యకళ ఆ ఇంటి చిన్నకోడలు. పెద్దకోడలు వెంకటదుర్గ. పెరట్లోని పాకలో ఇద్దరికీ చెరొక పొయ్యి, చెరొక బోర్లించిన కుండ. పల్చటి గుడ్డను బియ్యప్పిండి పాలలో ముంచి, కాగిన కుండ మీదుగా ఒక్క లాగు లాగితే, గుడ్డ వెనుక ఒక పొర మిగులుతుంది. అదే రేకు. ఇద్దరూ తీసిన రేకులు సాయంత్రానికి ఒకే బుట్టలో చేరి రోడ్డు మీది దుకాణానికి వెళ్తాయి. అక్కడ నెయ్యి, పంచదార వేసి చుట్టి అమ్ముతారు. ఆ బుట్టను అందరూ ‘వెంకటదుర్గ గారి బుట్ట’ అంటారు. అంతకుముందు అది అత్తగారి పేరు మీద ఉండేది. ఆవిడ పోయాక పెద్దకోడలికి వచ్చింది. ఎన్ని చేతులు కలిసినా ఇంటి బుట్టకు ఇంటి పెద్దావిడ పేరే ఉండడం ఆ వీధి ఆనవాయితీ. అందులో అన్యాయం ఉందని ఎవరికీ అనిపించలేదు, సూర్యకళకు తప్ప.

ఆమెకు అనిపించడానికి కారణం ఉంది. ఆమెది పుర్రచేతి వాటం. అందరూ కుడి నుంచి లాగితే ఆమె ఎడమ నుంచి ఏటవాలుగా లాగుతుంది. నునుపు వైపు పైకి పెట్టి వెలుతురులో చూస్తే, రేకులోని సన్నని చారలు మిగతావాళ్ళ రేకుల్లో ఒక పక్కకు, ఆమె రేకుల్లో రెండో పక్కకు వాలి కనిపిస్తాయి. బుట్టలో కలిసిపోయాక ఏది ఎవరిదో దుకాణంవాళ్ళకు తెలియదు. ఆమెకు తెలుసు. దుకాణంలో ఎవరైనా ఒక రేకును మెచ్చుకుంటే ఆమె కళ్ళు ముందు ఆ చారల మీదికి పోయేవి. తనదైతే, పేరు మరొకరికి పోయిందని బాధ. కాకపోతే, అది తనది కానందుకు బాధ. వెంకటదుర్గ ఏ పాత పంచె చింపి గుడ్డ చేసుకుందో గమనించి, మర్నాడు అలాంటి పంచె కోసమే ఇల్లంతా వెతికేది. తన గుడ్డ ఇంకా మెత్తనిదని తనకు తెలిసినా ఆమెకు తృప్తి ఉండేది కాదు. ఆ సంగతి తేల్చి చెప్పేవాళ్ళు లేరు కనుక.

ఈ వేసవిలో రాజమండ్రి నుంచి ఉదయ్‌కుమార్ అనే ఏజెంటు వాళ్ళ ఇంటికి వచ్చాడు. మస్కట్‌లో ఎవరో కొత్తగా పెడుతున్న మిఠాయి కంపెనీకి రేకులు తీసే మనిషి కావాలట. బుట్ట మీది గుడ్డ తొలగించి, నాలుగైదు రేకులు ఇటూ అటూ కదిపి, ఒకటి పైకెత్తి దాని వెనుక తన విజిటింగ్ కార్డు పెట్టాడు. కార్డు మీది అక్షరాలు స్పష్టంగా కనిపించాయి.

“ఇది ఎవరు తీశారండి?”

“ఇంకెవరండి, మా ఆవిడే,” అన్నాడు వెంకటదుర్గ భర్త సత్తిరాజు, రేకు వైపు చూడకుండానే.

గుమ్మం పక్కన మంచినీళ్ళ గ్లాసుతో నిలబడిన సూర్యకళ మాత్రం చూసింది. చారలు తన పక్కకే వాలి ఉన్నాయి. పరాయి మనిషి ముందు బావగారి మాటకు అడ్డం వెళ్ళడం ఆ ఇంట్లో లేదు. ఆమె వెంకటదుర్గ ముఖం చూసింది. వెంకటదుర్గ తల వంచుకుని చెంగు సర్దుకుంటోంది.

వారం తిరక్కుండా ఒప్పందం కాగితాలు వచ్చాయి. రెండేళ్ళ ఉద్యోగం. జీతం మాత్రం ఇక్కడి నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు పంపేదాని కంటే తక్కువే. సత్తిరాజు దాన్ని లెక్కచేయలేదు. “జీతానిదేముంది, పేరు వస్తుంది. మన వీధిలో రేకు తీసి విమానం ఎక్కిన మనిషి ఉందా?” అని వీధి చివరి దాకా చెప్పి వచ్చాడు. సంబరంలో ఉన్న మనిషి కాగితం మొదటి పేజీ, సంతకం పెట్టే పేజీ తప్ప మరేదీ చూడడు. వెంకటదుర్గకు ఇంగ్లీషు రాదు. ఆమె ఆ కాగితాలను మధ్యాహ్నం తెచ్చి సూర్యకళ చేతిలో పెట్టింది.

“నువ్వు డిగ్రీ దాకా చదివావు కదా, కళా. ఏం రాశారో చూడు.”

“బావగారు చూశారుగా అక్కా.”

“ఆయన చూడలేదు, మురిశారు. నువ్వు చదువు.”

సూర్యకళ చదివింది. పరీక్షకు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండదు. తనకు దక్కనిది ఎంత గొప్పదో తెలుసుకుందామని మొదలుపెట్టి, నాలుగో పేజీలో ఒక చోట ఆగిపోయింది. ఉద్యోగం ఏ కారణంతో ముగిసినా, ఆ తరువాత మూడేళ్ళపాటు, ఏ దేశంలోనైనా, కూలికి గాని సొంతానికి గాని పూతరేకులు తయారు చేయకూడదు, మరొకరికి నేర్పకూడదు, అమ్మకానికి సాయపడకూడదు. అతిక్రమిస్తే కంపెనీ నష్టపరిహారం రాబట్టుకుంటుంది.

ముందు ఆమెకు సంతోషం కలిగింది. ఈ సంగతిని ఆమె పట్ల మర్యాదతో దాచడంలో అర్థం లేదు. రెండేళ్ళు అక్కడ, మూడేళ్ళు ఇక్కడ చేతులు ముడుచుకుని: అయిదేళ్ళపాటు ఆ పాకలో తన పొయ్యి ఒక్కటే వెలుగుతుంది. బుట్ట తన పేరు మీదికి వస్తుంది. తాను ఏమీ చేయనక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు.

కాఫీ కలుపుకుంటూ ఉండగా మరో తలపు వచ్చింది. ఆ రెండేళ్ళూ వీధిలో అందరూ ‘మస్కట్ వెంకటదుర్గ’ అంటారు. వీడియో కాల్‌లో ఎత్తైన మేడలు చూపిస్తుంది. అది ఎలా భరించడం? వెళ్ళనివ్వకూడదు. వెళ్ళనివ్వకూడదంటే ఆ క్లాజు చదివి వినిపించాలి. వినిపిస్తే వెంకటదుర్గ ఇక్కడే ఉంటుంది, బుట్టా ఆమెదిగానే ఉంటుంది. ఆమె అసూయకు రెండు నోళ్ళున్నాయి. ఒకటి వెళ్ళమంటోంది, రెండోది వద్దంటోంది. రెండింటికీ ఒకేసారి అన్నం పెట్టడం ఎవరి తరమూ కాదు.

మర్నాడు పొద్దున్న పాకలో ఇద్దరూ కుండల ముందు కూర్చున్నారు. వెంకటదుర్గ గుడ్డ లాగింది. పొర ఏ అంచునా చిరగకుండా లేచింది. సూర్యకళ చూపు అలవాటుగా అటే పోయింది, తన చెయ్యి అలవాటుగా ఇంకాస్త తేలికైంది. పదకొండేళ్ళుగా తన చెయ్యి అలా ఆ చేతిని చూసి తేలికపడుతూనే ఉందని ఆమెకు అప్పుడు తోచింది. ఆ కుండ చల్లారితే తాను ఎవరిని చూసి కుళ్ళుకోవాలి? దీన్ని ప్రేమ అనడానికి నాకు నోరు రాదు. కొలబద్ద పోతుందన్న భయం అనవచ్చు.

“అక్కా, అందులో ఒకటి రాశారు,” అని మొత్తం చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్కటి కలపలేదు.

వెంకటదుర్గ గుడ్డను గిన్నెలో వదిలేసింది. “తిరిగొచ్చాక మూడేళ్ళు ముట్టకూడదా? మన పాకలో కూడానా?”

“ఎక్కడైనా అని రాశారు.”

“అయితే వెళ్ళొద్దంటావు.”

“వెళ్తే ఏడుస్తాను. ఉన్నా ఏడుస్తాను. నా మాట వినకు, కాగితం మాట విను.”

వెంకటదుర్గ నవ్వింది. “అందుకేనే నీకిచ్చింది. నా మంచి కోరేవాళ్ళకిస్తే స్వీట్లు పంచేసేవాళ్ళు. నీకైతే నా మీద కన్ను కదా, ప్రతి అక్షరం చదువుతావని తెలుసు.”

“నాకు కుళ్ళనేగా నీ మాట?”

“నీ ఒక్కదానికేనా? ఆ రోజు అతను ఎత్తి చూసింది నీ రేకు. చారలు నాకు కనబడవనుకున్నావా?”

సూర్యకళ కుండ మీది రేకు మాడి వాసన వచ్చింది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

“తెలిసీ ఊరుకున్నావా అక్కా?”

“నువ్వెందుకు ఊరుకున్నావు?”

“బావగారు మాట్లాడుతుంటే నేనెలా...”

“నీకు బావగారు అడ్డం. నాకేం అడ్డం? ఏదీ లేదు. అప్పుడప్పుడు నీ చెయ్యి నా చెయ్యి కంటే పల్చగా తీస్తుందని నాకు ఎప్పటి నుంచో తెలుసు. చెప్పాలంటే గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టుండేది. అంతే.”

సూర్యకళ ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే కాచుకుని ఉంది. వచ్చాక దానితో ఏం చేయాలో తెలియలేదు. మాడిన రేకును గీకి పారేసి, కుండ తుడిచి, మళ్ళీ గుడ్డ ముంచింది.

ఆదివారం ఉదయ్‌కుమార్ సంతకాల కోసం వచ్చాడు. వెంకటదుర్గ తన భర్త ముందే, “ఆ రేకు నాది కాదండి, మా చెల్లిది. మీకు కావలసిన మనిషి ఆవిడ,” అంది. సత్తిరాజు ముఖం వాడిపోయింది. “ఇదేంటే, వీధంతా చెప్పుకున్నాను!” అన్నాడు. “మళ్ళీ వెళ్ళి చెప్పండి, మీకు నడక మంచిదని డాక్టరు కూడా అన్నాడుగా,” అంది ఆమె.

ఏజెంటుకు ఏ ఇబ్బందీ లేదు. “పేరు మార్చడం ఎంతసేపండి. సూర్యకళ గారూ, పాస్‌పోర్టు ఉందాండి?”

అలా, ఆమె ఇన్నాళ్ళూ అసూయపడ్డ వస్తువు నడిచి వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంది. ఆమె వెంటనే కాదనలేదు. విమానం కిటికీ, మేడలు, వీధిలో చెప్పుకునే మాటలు ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తరువాత అడిగింది: “ఆ మూడేళ్ళ షరతు తీసేస్తారాండి?”

“అది అందరికీ ఉండేదేనండి. ఎవరూ పట్టించుకోరు.”

“ఎవరూ పట్టించుకోనిది రాయడం ఎందుకండి?”

అతను ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. జీతం కొద్దిగా కదలవచ్చట, షరతు కదలదట. మంగళవారం లోపల చెప్పమని కాగితాలు వదిలి వెళ్ళాడు.

ఆ రెండు రోజులూ సూర్యకళ ఆలోచించింది. ఆమె భర్త, “నీ ఇష్టం,” అని ఊరుకున్నాడు. జీతం చాలదని ఆమెకు తెలుసు. కానీ అది చిన్న విషయమే, సర్దుకోగలదు. సర్దుకోలేనిది ఒక్కటే: తిరిగి వచ్చి, చల్లారిన తన కుండ పక్కన కూర్చుని, వెంకటదుర్గ చెయ్యి కుండ మీద ఆడుతుంటే మూడేళ్ళు చూస్తూ ఉండడం. ఆ దృశ్యం తలచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండింది. స్వేచ్ఛ గురించి, చేతిపని గౌరవం గురించి ఆమె ఆలోచించిందని రాస్తే బాగుండేది. ఆమె ఆలోచించింది దీని గురించే. జీవితంలో సరైన నిర్ణయాలన్నీ ఉత్తమమైన కారణాల నుంచే పుడతాయని నమ్మడం, అసూయ గుడ్డిదని నమ్మినంత తేలిక.

మంగళవారం ఉదయ్‌కుమార్‌కు ఫోన్ చేసి తాను రావడం లేదని చెప్పింది. వెంకటదుర్గా వెళ్ళలేదు. ఆ సాయంత్రం సూర్యకళ బజారు నుంచి మరో బుట్ట తెచ్చుకుని, తన రేకులను అందులో విడిగా పేర్చి, తన పేరు చెప్పి దుకాణంలో ఇచ్చింది.