హస్తవాసి అక్కర్లేని మందు

మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి, "సార్ నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అన్నారు. హామిల్టన్‌లో నాకు పరిశోధన నేర్పిన గురువుగారు ఆయన. ఆంటీ ఆయన భార్య. చాలాకాలంగా గుండె జబ్బుతో ఉన్నారు కాబట్టి అనుకోని వార్త కాదు. అయినా ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఏడుపొచ్చింది. దాని వెనకే గర్వమూ వచ్చింది. చావు కబురు విని గర్వమేమిటని మీరు అడగవచ్చు.

సార్ వాళ్ళమ్మగారికి షుగరు. పాదం మీద చిన్న పుండు మానక, చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. అప్పటికి సార్ కాకినాడలో కాలేజీ విద్యార్థి. మానని పుండుకు మందు చేయాలన్న పట్టుదల ఆయనతోపాటే న్యూజిలాండ్ వచ్చింది. వెండికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉంది. ఆ వెండిని కంటికి కనిపించనంత సన్నని నానో కణాలుగా మార్చాలి. అదీ ఘాటు రసాయనాలతో కాదు, కరివేపాకు కషాయంతో చేయాలన్నది సార్ పంతం. కషాయంలో సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం కరిగిన నీళ్ళు కలిపితే కాసేపటికి తేనె రంగు తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే కణాలు పుట్టినట్టే.

మొదటిసారి ఆ రంగు చూసి నేను గంతులేసినంత పని చేశాను. సార్ మాత్రం ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "ఒకసారి వస్తే వంటమ్మా. ప్రతిసారీ వస్తేనే మందు" అన్నారు. పొగడ్త దగ్గర ఆయన ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలరు.

చలికాలం రాగానే ఆ మాట నిజమైంది. తేనె రంగు రావాల్సిన చోట, పాలు విరిగినట్టు తెల్లటి మడ్డి. ఒక వారం సరిగ్గా వచ్చేది, మరో వారం చెడేది. ఏడాది చివరికి దీన్ని తేల్చకపోతే పని ఆపేయమని డిపార్ట్‌మెంట్ చెప్పేసింది. ఆ చలికి యూనివర్సిటీ గ్రీన్‌హౌస్‌లో ఆకు చాలక, కొంత ఊరి చివర రోటోటూనాలోని సార్ ఇంటి నుంచి వచ్చేది. మా తెలుగువాళ్ళ ఇళ్ళలో చలికాలం గది వెచ్చచేసే హీట్ పంపు ఎదుటి చోటు మనుషులది కాదు, కరివేపాకు తొట్టిది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర సార్, "ఈ చలికాలపు ఆకులో పస లేదు" అన్నారు. చారు వడ్డిస్తున్న ఆంటీ నొచ్చుకున్నారు.

"పస లేకపోడమేంటండీ? కడిగి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి మరీ డబ్బాలో పెడుతున్నాను. పురుగూ పుట్రా ఉంటే అమ్మాయి చేతికంటదూ?"

సార్ చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. ఉప్పు తగిలితే సిల్వర్ నైట్రేట్ తెల్లగా విరుగుతుందని కెమిస్ట్రీ పిల్లలందరికీ మొదట్లోనే చెబుతారు. డబ్బాలో ఆకు అంత శుభ్రంగా కనిపిస్తుంటే మళ్ళీ కడగాలని మాకు తోచలేదు. చెడిన వారాలన్నీ ఆంటీ డబ్బా వచ్చిన వారాలే.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం" అని సార్ కంట నీళ్ళొచ్చేలా నవ్వారు.

"అయితే నావల్ల చెడిందా?" అన్నారు ఆంటీ, గరిటె దించి.

"నీవల్లే దొరికింది. ఇంకొంచెం చారు పొయ్యి."

ఆ తర్వాత రంగు తప్పలేదు. పళ్ళెంలో పెంచిన సూక్ష్మజీవుల మధ్య మా మందు చుక్క పడినచోట అవి చచ్చి, వలయం శుభ్రంగా కనిపించేది. సార్‌కు అదీ చాల్లేదు. "నీకొచ్చింది, నాకొచ్చింది. ఇద్దరం కరివేపాకు తిని పెరిగినవాళ్ళమే. డాక్టరుకు హస్తవాసి ఉంటే మంచిదే, మందుకు ఉండకూడదు. ఎవరు చేసినా ఒకటే రావాలి" అంటూ పనిని మా ల్యాబ్ టెక్నీషియన్‌కు అప్పగించారు. ఆమె కివీ, ఇక్కడే పుట్టిన న్యూజిలాండ్ మనిషి. కరివేపాకు ఎన్నడూ నోట పెట్టుకోలేదు, ఆ వాసనంటేనే ముఖం చిట్లిస్తుంది. ఆమె చేతిలోనూ తేనె రంగే వచ్చింది.

పోయిన నెల ఆస్పత్రిలో కొద్దిమంది రోగుల పుండ్లకు రాసి చూడడానికి అనుమతి వచ్చింది. ఇంట్లో సార్ మంచం పక్కన కూర్చుని చెబితే ఆయన తన పిసినారితనం పక్కన పెట్టారు. "గెలిచాం తల్లీ" అన్నారు. అంతలోనే, "రోగులకు వెళ్ళే మొదటి బ్యాచ్ ఆ టెక్నీషియనే చెయ్యాలి. నువ్వు ముట్టుకోకు" అన్నారు.

ఆ బ్యాచ్ చేయాల్సిన రోజే ఆయన అంత్యక్రియలు. వాయిదా వేస్తానంటే ఆంటీ ఒప్పుకోలేదు. "ఆపొద్దమ్మా. ఆయన ఊరుకోరు."

అంత్యక్రియలు ముగిశాక తిన్నగా ల్యాబ్‌కు వెళ్ళి, గాజు తలుపు బయట ఆగాను. లోపల టెక్నీషియన్ ఫ్లాస్కును కిటికీ వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఎండ పడి గోడ మీద దాని నీడ కూడా తేనె రంగులో కదిలింది. నేను లోపలికి వెళ్ళలేదు. నాతో అక్కడ పని లేదు.