దశరథం గుంజి చూడని తాళం

తాళం కనిపిస్తే గుంజి చూడకుండా దశరథం అడుగు ముందుకు వెయ్యలేడు. తనదా, పరాయిదా అన్న పట్టింపే లేదు. సూరత్‌లో నవాగామ్ దగ్గరి ఆ గల్లీ నిండా తెలంగాణ నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల మీద బట్ట నెయ్యడానికి వచ్చినవాళ్లే, వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పొద్దున్నే పనికి బయల్దేరి, దారిలో మూసి ఉన్న ప్రతి తలుపు దగ్గరా ఆగి, తాళాన్ని గుప్పిట్లో పట్టి ఒక్క గుంజు గుంజి, "ఆఁ, ఉన్నది" అనుకుంటే తప్ప ఆ మహానుభావుడికి ఊపిరాడదు.

ఇక తన ఇంటి సంగతి ఏం చెప్పాలి! బయటి తలుపుకే వరసగా తాళాలు. నీళ్ల డ్రమ్ముకు తాళం, సైకిల్‌కు తాళం, ఆఖరికి దేవుడి గూటికి కూడా తాళం. ఒకనాడు అన్నీ వేసుకుని, గుంజి చూసుకుని పనికి పోయాడు. మధ్యాహ్నం ఎదురింటి ప్రమీల వాకిలి ఊడుస్తుంటే ఆ తాళాల వెనుకనుంచి కేకలు.

"ఓ ప్రమీలా! మీ అన్నకు ఫోన్ గొట్టు! పెండ్లాన్ని లోపట వెట్టి తాళమేసి పోయిండని చెప్పు!"

దశరథం ఉరుక్కుంటూ వచ్చాడు. వచ్చినవాడు తలుపు తియ్యాలా? ముందు తాళం గుంజాడు. "మంచిగనే పడ్డదే పోశవ్వా" అని మురిసిపోయాడు. ఆ పూట పోశమ్మ అన్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఇంకోసారి ఆల్థాన్‌లో పెండ్లికి పోయి వస్తూ, మూసేసిన నగల దుకాణం షట్టర్ తాళం గుంజాడు. వాచ్‌మన్ ఊరుకుంటాడా? రెక్క పట్టుకుని పోలీసు చౌకీలో అప్పజెప్పాడు. విడిపించడానికి ప్రమీల భర్త ఓంప్రకాష్ పోయేసరికి, దశరథం లాకప్ తాళం గుంజుతూ, ఇది వదులైంది, మార్చెయ్యండని పోలీసులకు సలహా ఇస్తున్నాడట. "సాబ్, యే తాలా ఢీలా హై. బదల్ డాలో." ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఓంప్రకాష్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

తర్వాత కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ చప్పుడులోనే బతికిన గల్లీకి ఆ నిశ్శబ్దం కంటే భయంకరమైనది ఇంకోటి లేదు. తిండికి తిప్పలై, దొరికిన బండి పట్టుకుని ఒక్కొక్కరే ఊళ్లకు బయల్దేరారు. ప్రమీల వాళ్లు మూటలు నెత్తికెత్తుకుంటుంటే దశరథం వచ్చి తలుపుకున్న తాళం గుంజాడు.

"ఏంది చెల్లె గిది? తాళమా, చెవి కమ్మనా? తలపిన్ను వెడితే ఊడొస్తది."

"దుకాన్లన్ని బందున్నయి కదన్నా. కొత్తది ఏడ తేవాలె?"

"లోపట కుట్టుమిషిన్ ఉన్నది గదనే!"

"ఉంటే ఉండనీ బావా. పాణం ఉంటే సాలు," అన్నాడు ఓంప్రకాష్.

ఆ ప్రాణమే ఉండలేదు. ఊరు చేరిన కొన్నాళ్లకే ఓంప్రకాష్‌కు జ్వరం పట్టుకుంది, ఆయాసం వచ్చింది, అంతే. చివరిచూపుకు కూడా జనం దూరం నుంచే నిలబడ్డారు. ప్రమీల ఏడుస్తుంటే పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దసరా పోయాక ఆమె ఒక్కతే సూరత్ తిరిగొచ్చింది. కూతురు నవతను తల్లి దగ్గర వదిలింది. "మిషిన్ మీద చీరలకు లేసు కుట్టుకుంట. జర పని కుదరంగనే నిన్ను తోల్కపోత," అని బిడ్డకు మాటిచ్చింది. ఉన్నదల్లా ఆ మిషినే. అది లేకుంటే బతుకూ లేదు, బిడ్డా దగ్గరుండదు.

గల్లీ మొదట్లోనే విజయరాణి కనిపించింది. ఇంటిల్లిపాదీ ఊరికి పోకుండా ఉండిపోయిన ఇల్లు అదొక్కటే. మూతికి గుడ్డ కట్టుకుని దూరం నుంచే అయ్యో అంది, ఓంప్రకాష్‌ను తలుచుకుని కళ్లు తుడుచుకుంది, తర్వాత గొంతు తగ్గించింది.

"ఎనుక గల్లీ మొత్తం దొంగలు వడ్డరు ప్రమీలా. సిలిండర్లు, టీవీలు, ఏది ఇడ్వలే. నీకు చెప్పొద్దనుకున్న గని... మీ తాళాన్ని దశరథం తలపిన్నుతోని తీసిండు. నా కండ్లతోని సూసిన."

"దశరథమన్ననా?"

"మరేంది! ఎవలింటి తాళం ఎంత గట్టిగున్నదో ఇన్నేండ్లు గుంజి గుంజి సూసింది గందుకేనేమో!"

మొగుడు పోయిన దుఃఖం మీద ఇదొకటా దేవుడా అనుకుంటూ ప్రమీల తన తలుపు దగ్గరికి పోయింది. తలుపుకు ఎన్నడూ చూడని పెద్ద తాళం. ఆమె దగ్గరున్న తాళంచెవి అందులో దూరనే లేదు. గడప ముందు మగవాళ్ల చెప్పులు. దండెం మీద ఎవడిదో అంగీ ఆరుతోంది. ఎవడో ఏకంగా కాపురమే పెట్టాడు! పక్కకు చూస్తే, ఊరికి పోయిన పొరుగింటి సదానందం వాకిట్లో కూడా లుంగీ ఆరుతోంది. ఆ పక్క ఇంటి ముందు పోశమ్మ చీర. అన్ని ఇళ్లలోనూ మనుషులు ఉన్నట్టే ఉంది, మనిషి అలికిడి మాత్రం ఎక్కడా లేదు.

గలగలమని చప్పుడైంది. చిరిగిన బనీను, ఉత్త కాళ్లు, మొలతాడుకు తాళంచెవుల గుత్తి. దశరథం. అలవాటుగా తాళం మీదికి చెయ్యి చాచాడు. ప్రమీల బోసి నుదురు కనబడగానే ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. తాళం గుంజకుండా ఆ మనిషి నిలబడడం ప్రమీల చూడడం అదే మొదటిసారి.

"నా తాళమేదన్నా?" అంది కోపంగానే.

"పారేసిన చెల్లె. పిన్ను వెట్టంగనే ఊడొచ్చింది, నేను చెప్పలే? గందుకే నాది ఏసిన."

"మరి గీ అంగి? గీ చెప్పులు?"

"మొగోడు ఉన్న ఇల్లనుకోవాలె గద దొంగలు! రోజు ఒకింటియి ఇంకొకింటికి మార్చి ఆరేస్తున్న. రోజు ఒక్క అంగే కనవడితే అనుమానమొస్తది."

"ఒక్క ముక్క ఫోన్ల చెప్పరాదే?"

దశరథం అటూ ఇటూ చూశాడు. "ఫోన్ల చెప్తే దొంగలింటరు."

తాళం తీశాడు. లోపల మిషిన్ పాత దుప్పటి కింద పదిలంగా ఉంది. ప్రమీల చక్రం మీద చెయ్యి వేసి తిప్పితే తిరిగింది.

"వదిన ఏదన్నా?"

"ఊరికి తోలిన. అందరం పోతే గీ తాళాలను ఎవలు సూస్తరు?"

"జర నీళ్లియ్యే, దూప అయితుంది."

"నువ్వుండు, నేనే తెస్త!" అంటూ కంగారుగా పరుగెత్తాడు. ఆ కంగారేమిటో అర్థం కాక ప్రమీల వెనకాలే పోయింది.

దశరథం తలుపుకు తాళం లేదు. ఒక్కటి కూడా లేదు. గొళ్లేనికి సాంచా దారం ముక్క ముడేసి ఉంది. లోపల టీవీ లేదు, సిలిండర్ లేదు, గూట్లో దేవుడు కూడా లేడు. మూల ఇటుకల పొయ్యి మాత్రం ఉంది.

"అన్నా! ఏందిది?"

"మెల్లగనే, మెల్లగ! విజయరాణి ఇంటది. నా తాళాలన్ని అందరిండ్లకు సరిపోయినయి. నేను తాళాలు సూడవోయినప్పుడు మన గల్లీల నా ఒక్కనింట్లనే వడ్డరు. జర ఎవలితోని అనకు చెల్లె, ఇజ్జత్ పోతది."

ప్రమీల గబగబా పోయి తన తలుపు తాళం తెచ్చి చేతిలో పెట్టబోయింది. "గిది నువ్వేసుకో అన్నా."

"నాకేమున్నది, ఇటుకలెత్తుకపోతరా?" అన్నాడు దశరథం వెనక్కి జరుగుతూ. తర్వాత తల వంచుకుని అన్నాడు. "చెప్పులు సుత నీ వాకిట్లనే ఉండనీ. ఒక్కదానివే ఉన్నవని ఎవలకు తెల్వద్దు."

ప్రమీల నేరుగా గల్లీ మొదటికి పోయి, విజయరాణి వాకిట్లో నిలబడి, "తాళమేసి నా మిషిన్ కాపాడింది దశరథమన్ననే అక్కా. ఇంకోసారి ఆయన్ను ఏమన్నంటే ఊకోను," అని చెప్పి మరీ ఇంటికి పోయింది. దారం సంగతి మాత్రం దాచింది.

దీపాలు పెట్టే వేళకు తలుపు గడియ వేసుకుని మిషిన్ ముందు కూర్చుంది. ఉన్నట్టుండి తలుపు దడదడమని కదిలింది.

"ఎవలు?"

"నేనే చెల్లె. గడె పడ్డదా లేదా అని."

"పడ్డదన్నా."

"ఆఁ, ఉన్నది."

తాళంచెవులు గలగలమంటూ పక్క తలుపుకు పోయాయి. ప్రమీలకు లాకప్ తాళం గుర్తొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్విన ఓంప్రకాష్ గుర్తొచ్చాడు. ఆయన పోయాక మొదటిసారి నవ్వింది. నవత వచ్చాక ఈ ముచ్చట తనే చెప్పాలి అనుకుంది. నవ్వుకుంటూనే లేచి, లోపలినుంచి తనూ ఒకసారి గడియ గుంజి చూసింది.