కుడివైపు పళ్ళు, ఎడమవైపు పళ్ళు

మా వెంకటముని మామకు ఏ వస్తువైనా ఒక్కటి కొనడం చేతకాదు. రెండు కొంటాడు. ఒకదానికీ ఇంకోదానికీ పోటీ పెట్టి, గెలిచిందేదో తేలేదాకా ఇంట్లోవాళ్ళను నిద్రపోనివ్వడు.

కుడికాలికి ఒక కంపెనీ చెప్పు, ఎడమకాలికి ఇంకో కంపెనీ చెప్పు తొడుక్కుని తిరుత్తణి బజారంతా తిరిగిన మనిషి. మా చిన్నాయన కూతురి పెళ్ళికైతే మీసంలో సగానికి ఒక రంగు, తక్కిన సగానికి ఇంకో రంగు వేసుకుని వచ్చాడు. ఆల్బంలో ఆ పక్క నుంచి తీసిన ఫొటో, ఈ పక్క నుంచి తీసిన ఫొటో చూసి పెళ్ళికొడుకు తరఫువాళ్ళు "ఈ అన్నదమ్ములు ఎవురు?" అని అడిగారట.

"నా అదృష్టం, మా పెండ్లి నాడు ఈయనకు పోల్చి సూడాలనే బుద్ధి పుట్టలా" అంటుంది కాంచన అత్త.

అలాంటి మనిషి చేతిలో పళ్ళు తెల్లబరిచే స్ట్రిప్పులు పడ్డాయి. తెప్పించింది మా చెల్లెలు జనని. మా బోరునీళ్ళ పుణ్యమా అని దాని ముందుపళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. బడిలో ఎవరో ఎగతాళి చేసినప్పటి నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అది నవ్వగా నేను చూడలేదు. ఇప్పుడు తిరువళ్ళూరులో ఒక నగల దుకాణం నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. కౌంటర్ ఉద్యోగం.

"వచ్చినోళ్ళను సూసి నవ్వల్లంట అన్నా. ఈ పండ్లు పెట్టుకోని యాడ నవ్వేది? తెల్లగైతే పోతా, లేకుంటే పోను" అంది. ఫోన్లో వెతికి, ఒకటి ఖరీదైనది, ఒకటి చౌకది, రెండు రకాలు తెప్పించింది.

పెట్టెలు విప్పుతుండగానే మామ దిగాడు.

"ఏది మేలో తెలీకుండా నోట్లో పెట్టుకుంటావా పాపా? నేను వాడి సూసి చెప్తా. అంతదంకా సుమ్మా, ఊరికే ఉండు."

"మామా, అవి నావి!"

"నీవే. పండ్లు మాత్రం నావి."

మర్నాటి నుంచి ఖరీదైనది కుడివైపు, చౌకది ఎడమవైపు. స్ట్రిప్పులు అంటించుకుని నోరు కదపకుండా కూర్చోవాలి. మామ కూర్చుంటాడా? కాఫీ వేళయింది.

"ఖాంచనా, ఖాన్ఫీ!"

"కాన్పా? ఎవురికి?" అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

రంగు ఎంత మారిందో చూడడానికి పెట్టెలో ఒక అట్ట వచ్చింది. తెలుపు నుంచి పసుపు దాకా దాని మీద గళ్ళు. "నాకు సూపు సరిగా ఆనదు, జడ్జివి నువ్వే" అని మామ ఆ అట్టను జనని చేతికిచ్చాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "పోల్చేదానికి మామూలు పండ్లు గూడా కావల్ల గదా" అంటూ జననిని వెంటేసుకుని వీధిలో పడ్డాడు. కనబడ్డవాళ్ళనల్లా ఆపి నోరు తెరిపించాడు.

"ఇ... అను ఎలుమలై."

"ఎందుకన్నా?" అన్నాడు పాలు పోసే ఎలుమలై.

"సైన్సు."

ఎలుమలై పళ్ళు వక్కాకుతో ఇటుకరాళ్ళయి ఉన్నాయి. ఆర్.కె.పేట బస్సు కండక్టరుకు ముందుపన్ను సగమే మిగిలింది. ఎదురింటి సుందరవల్లి టీచరు, చీర మడత నలగకుండా తిరిగే మనిషి, సిగ్గుపడుతూ నోరు తెరిచింది. జనని అట్టను అటూ ఇటూ జరిపి చూసింది.

"మామా, ఈ రంగు అట్టలో లేదు!"

"అంతా కాఫీ మహిమ పాపా" అని టీచరు పగలబడి నవ్వింది.

స్ట్రిప్పులు అయిపోవచ్చాయి. మామకు చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయి. రెండు పక్కలా కొంచెం తెల్లబడ్డాయి గానీ, ఎడమపక్క ఒక్క పన్ను మాత్రం మొండికేసింది.

"చౌకది ఓడిపోయింది మామా" అంది జనని. "ఖరీదైనదే ఇంకోటి తెప్పించుకుంటా. ఇంటర్వ్యూ దగ్గరికొచ్చేసింది."

"అట్ల ఎట్ల? డాక్టరు దగ్గర తీర్పు తీసుకుందాం. జడ్జివి, నువ్వూ రా."

నేనూ వెళ్ళాను. పళ్ళ డాక్టరమ్మ లైటు వేసి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "రెండూ ఒకేలా పనిచేశాయండీ. ఈ ఒక్కటి మారలేదంటే, ఇది కట్టుడు పన్ను. దీనికి ఏ స్ట్రిప్పు వేసినా రంగు మారదు."

మామ ఏమీ ఎరగనట్టు, "అట్లనా! సరి, వచ్చినందుకు ఈ పాపవి గూడా సూడండమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ జనని పళ్ళు నిదానంగా చూసింది. "ఇవి నీళ్ళలోని ఫ్లోరైడ్ మచ్చలు. స్ట్రిప్పులు వేస్తే చుట్టూ తెల్లబడి, మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడొచ్చు. వాడకపోవడమే మంచిదయింది. మచ్చలు తగ్గించే వైద్యం వేరే ఉంది, నీకు కావాలనిపించినప్పుడు రా. పళ్ళు మాత్రం గట్టివి."

ఇంటికొచ్చాక అత్తతో అన్నాను: "సొంత నోట్లో కట్టుడు పన్నుండేది మరిచిపోయినాడే మామ!"

అత్త గొంతు తగ్గించింది. "మరిచేదేంది? నేను మొదటి దినమే చెప్పినా. 'గమ్మునుండు కాంచనా. తీర్పు బిరీన వస్తే పాప ఊరోళ్ళ నోర్లు సూసేది నిలిపేస్తాది. అందరి పండ్లూ సూడనీ' అన్నాడు."

మచ్చలతోనే వెళ్తానంది జనని. ఇంటర్వ్యూ నాడు ముగ్గురం లోకల్ రైల్లో తిరువళ్ళూరు వెళ్ళాం. మామా నేనూ దుకాణం బయటే నిలబడ్డాం. తిరిగి రైలెక్కి కూర్చున్నాక జనని సంగతి చెప్పింది.

"ఉద్యోగం వచ్చింది మామా. మేనేజరు అడిగినాడు, 'రెండు కమ్మల్లో ఏది తీసుకునేదో తేల్చుకోలేకుంటే ఏం చేస్తావు?' అని. ఒక చెవికి ఇది, ఇంకో చెవికి అది పెట్టి అద్దం ముందర నిలబెడతా అన్నా. 'ఇది యాడ నేర్చుకుంటివి?' అన్నాడు. ఏం చెప్పేది? నువ్వు గుర్తుకొచ్చి నవ్వు ఆగలా. ఆయన గూడా నవ్వేసినాడు."

చెబుతూ చెబుతూ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఎదురు సీట్లో కూర్చున్న పూలమ్మే అవ్వకు సంగతేమిటో తెలియకపోయినా తానూ నవ్వింది. మామ ఏమీ పట్టనట్టు కిటికీలోంచి పట్టాలకేసి చూస్తున్నాడు. జనని ఒడిలో స్టేషన్ దగ్గర కొన్న జామకాయలున్నాయి. నవ్వుతున్నంతసేపూ దాని రెండు చేతులూ వాటి మీదే ఉన్నాయి.