పేడకాలువకు అడ్డుకట్ట

ఎనభైల మొదట్లో, చెరువులో గుర్రపుడెక్క పీకే పనికి మా మేనత్త ముఠా వరుసగా రెండేళ్ళు వెళ్ళింది. కామాటిపురా గల్లీల నుంచి పన్నెండు మందిమి గ్రాంట్ రోడ్డులో రైలెక్కి శివారులోని ఆ చెరువుకు పోయేవాళ్ళం. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.

చెరువును బాగుచేస్తామని బయల్దేరిన కమిటీ పెద్దమనుషులు మొదటిరోజు తెల్లబట్టల్లో వచ్చారు. ఒడ్డు మీంచే తలా ఒక మొక్క లాగి, ఫోటో దిగి, సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ సబ్బునీళ్ళూ చెరువులోకే పోయాయి. వాళ్ళ శుభ్రత అంతటిది. కమిటీ సెక్రటరీ మా చాల్‌లో, మేముండే ఆ వరుసగదుల్లో పుట్టినవాడే. నాలుగు బిల్డింగులు కట్టించగానే తెలుగు మరిచిపోయి మాతో మరాఠీలోనే మాట్లాడేవాడు.

మొదటి ఏడు పీకిందంతా ఒడ్డునే కుప్పపోయమన్నాడు. అది కుళ్ళి, వానలకు మళ్ళీ నీళ్ళలోకే జారింది. రెండో ఏడు వెళ్ళేసరికి డెక్క మునుపటికంటే దట్టంగా కమ్ముకుని ఉంది. అత్త నీళ్ళలోంచి బయటికొచ్చి, పక్కనున్న కాలువ వెంట నడిచి చూసింది. గేదెల తబేలా నుంచి పేడా మూత్రమూ సూటిగా చెరువులో పడుతున్నాయి. ఆ తబేలా యజమానే కమిటీకి అధ్యక్షుడు.

అత్త సెక్రటరీని నిలేసింది.

"చేనుకు ఎరువేసినట్టు దినాం పేడ వోస్తున్నరు. ఆకు పెరగక ఏం జేస్తది? ముందుగాల కాల్వ మలపుండ్రి. గప్పటిదాంక మేం దిగం."

చదువురాని కూలీల సలహాలు తమకు అక్కర్లేదని అతను మరాఠీలో కసిరాడు. అత్త ఒడ్డున కూర్చుని రొట్టెల మూట విప్పింది. మేమూ కూర్చున్నాం. నాకు లోలోపల భయంగానే ఉంది. రెండు రోజులు ఎవరం నీళ్ళలో దిగలేదు. ఆదివారం బాగుచేసిన చెరువును చూడడానికి మంత్రి రావాలి. మూడోనాడు సెక్రటరీకి తెలుగు గుర్తొచ్చింది.

"అక్కా, జర ఇజ్జత్ కాపాడు. నువ్వెట్ల జెప్తే గట్ల జేస్త."

"నీ ఇజ్జత్‌తోని నాకేం పని? గడ్డపారలు తెప్పియ్యి."

మంత్రి పక్కన కుర్చీ పోతుందని అధ్యక్షుడూ నోరెత్తలేదు. మేం కాలువకు కట్ట వేసి, పేడనీళ్ళను గుంతల్లోకి మళ్ళించాకే డెక్క పీకడానికి దిగాం. రైలుపట్టాల పక్కన పాలకూర పండించేవాళ్ళు ఆ పేడనూ, పీకిన డెక్కనూ బండ్లలో తీసుకుపోయారు.

ఆదివారం అధ్యక్షుడు దండలు వేయించుకుని, తన ముందుచూపు గురించి అరగంట మాట్లాడాడు. బురద బట్టలతో ఉన్నామని మమ్మల్ని షామియానా వెనక్కి పొమ్మన్నారు. చెరువుకు పట్టిన తెగులేమిటో ఆ కుర్చీల్లో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరూ చెప్పలేదు.

మరుసటి వానల తర్వాత డెక్క ఒక మూలనే కాస్త మొలిచింది. నీళ్ళు తేటపడలేదు గానీ కంపు తగ్గి, చేపలు కనిపించాయి. పీకడానికి పెద్దగా ఏమీ లేక మమ్మల్ని పిలవలేదు. అత్త మమ్మల్ని ధారావిలో మట్టిపనికి తీసుకుపోయింది.